గోడవతల రెండో ఆట

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి హాల్లో కూర్చుని గోళ్ళరంగు తుడుచుకుంటోంది. చిన్న సీసా మూత తీసి దూదికి అద్దగానే ఆ వాసన నా దాకా వచ్చింది. ఘాటుగా, కాస్త తియ్యగా, ముక్కు లోపల చల్లగా తగిలే వాసన. చేతిలో పేపరు అలాగే ఉంది, నేను మాత్రం తణుకులో మా ఇంటి వెనకున్న సినిమా హాలు మేడమీద, ఆపరేటరు గదిలో, ఇనప స్టూలు మీద నిలబడి ఉన్నాను. తెగిన రీలు అతికించడానికి బాబాయి వాడే సిమెంటుది సరిగ్గా ఇదే వాసన. బ్లేడుతో ఫిల్ము అంచు గీకి, సన్నటి కుంచెతో ఒక్క చుక్క రాసి, రెండు ముక్కలూ కలిపి బొటనవేలితో నొక్కిపట్టి, పెదాలు కదుపుతూ పది దాకా లెక్కపెట్టేవాడు.

"వాసనగా ఉందా నాన్నా, కిటికీ తియ్యనా?" అంది అమ్మాయి.

"వద్దమ్మా, ఉండనీ" అన్నాను.

బాబాయి పోయి పది నెలలైంది. మాకు చుట్టమేమీ కాదు, మా వీధి చివర ఉండేవాడు, వీధిలో పిల్లలందరికీ బాబాయే. ఆయన పోయినప్పటి నుంచీ ఇదంతా ఎక్కడో ఒకచోట రాసుకోవాలని ఉంది. సినిమాల్లో భయపెట్టే శబ్దం అంటే నాకున్న పిచ్చి, తర్వాత దాంతోనే కొన్నేళ్ళు అన్నం తినడం, ఇదంతా మొదలైంది ఆయన గదిలో, ఇంకా ముందుకెళ్తే మా ఇంటి వెనక గోడ దగ్గర.

*

మా ఇంటి పెరటి గోడా, హాలు వెనక గోడా ఒక్కటే. అంటే అటువైపు తెర, ఇటువైపు మా నుయ్యి, జామచెట్టు, వంటిల్లు. తెర వెనకుండే పెద్ద స్పీకరు పెట్టెకీ మా వంటింటికీ మధ్య ఆ గోడ తప్ప ఇంకేమీ లేదు. ఊళ్ళో అందరూ సినిమా చూస్తే మేము సినిమా వినేవాళ్ళం. డబ్బులిచ్చి చూసింది తక్కువ, విన్నది అంతా.

నాన్న చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. చెరుకు ఆడే రోజుల్లో రాత్రిళ్ళు మొలాసిస్ వాసన ఊరంతా పట్టేసేది. ఎండాకాలం పెరట్లో మంచాలు వేసుకుని పడుకుంటే గోడవతల రెండో ఆట నడుస్తుండేది. అక్కా నేనూ చెవులు రిక్కించి ఇప్పుడేం జరుగుతోందో చెప్పుకునే ఆట ఆడేవాళ్ళం. పాట వస్తే ఇద్దరికీ తెలిసిపోతుంది. మాటలు గోడ దాటేసరికి ముద్దైపోతాయి, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది కానీ ఏం మాట్లాడుతున్నారో తెలీదు. ఫైటింగ్ అయితే మా కుక్క కూడా పట్టించుకునేది కాదు. తేడా వచ్చేది హత్యల సినిమాలకీ దెయ్యాల సినిమాలకీ. అందులో చాలాసేపు ఏమీ ఉండదు. నిశ్శబ్దం. తర్వాత ఎక్కడి నుంచో సన్నగా మొదలయ్యే ఒక రొద, వయొలిన్ కాదు, ఫ్లూటు కాదు, ఏ వాద్యమో పోల్చుకోలేం, కరెంటు స్తంభానికి చెవి ఆనిస్తే వినిపించే మోతలాంటిది. అది నెమ్మదిగా లావవుతూ గోడలోంచి వచ్చి మంచం కోడులోకి దిగేది. అక్క ఆట ఆపేసి దుప్పటి తల మీదకి లాక్కునేది.

సన్నటి శబ్దాల్ని చాలావరకు గోడ తాగేస్తుంది, లావు శబ్దాన్నే బాగా వదులుతుంది. అలా ఎందుకో తర్వాతెప్పుడో చదువుకున్నాను కానీ, చెవికి మాత్రం అప్పుడే తెలుసు. హాల్లో కూర్చున్నవాడికి భయం ముందు నుంచి వస్తే, మాకు కింద నుంచి వచ్చేది.

వంటింటి గూట్లో రెండు స్టీలు గ్లాసులు పక్కపక్కనే ఉండేవి, మా అమ్మమ్మ ఇచ్చిన లావుపాటి గ్లాసులు. ఒకానొక స్వరం దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ ఒకదానికొకటి తగిలి గిర్రుమనేవి. అన్ని సినిమాలకీ కాదు, ఆ స్వరం పడితేనే. రాత్రి పదకొండింటికి, దీపాలార్పేసిన వంటింట్లో, ఎవరూ లేకుండా, గ్లాసులు వాటంతటవే మోగడం. మొదటిసారి అమ్మ కూడా లేచి వెళ్ళి చూసింది. కారణం తెలిశాక, అలాంటి సినిమా పడిందంటే చాలు, పడుకునే ముందు ఆ రెండిటి మధ్యా మసిగుడ్డ మడిచి పెట్టేది. సినిమా మారాక గుడ్డ తీసేసేది. హాల్లో ఏ రకం సినిమా ఆడుతోందో మా ఇంట్లో ఆ గుడ్డని చూసి చెప్పొచ్చు.

*

బాబాయి గదిలోకి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. నాకు మాత్రం మ్యాట్నీకి ముందు ఆయనకి మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళే పని ఉండేది, ఆ వంకన ఒక రీలయ్యేదాకా ఉండిపోయేవాణ్ణి. రెండు ప్రొజెక్టర్లు, వాటి పొట్టల్లో కార్బన్ కడ్డీలు. రాగిపూత ఉన్న రెండు కడ్డీల కొసలు దగ్గరికి తెస్తే మధ్యలో మంట లేస్తుంది, ఆ వెలుతురే తెర మీద బొమ్మ. కడ్డీలు కరిగేకొద్దీ బాబాయి చూడకుండానే చెయ్యి చాపి మర తిప్పి దగ్గరికి జరిపేవాడు. గదంతా వేడి, ఒంటి మీద బనీను, మెడలో తువ్వాలు.

ఒకరోజు ఆట మొదలవకముందు, "ఒరే అబ్బాయ్, ఇటు రా, శబ్దం ఎక్కడుంటుందో చూపిస్తా" అన్నాడు. ఫిల్ము ముక్క కిటికీకేసి పట్టుకుని చూపించాడు. బొమ్మల పక్కన, రంధ్రాలకి లోపలివైపు, సన్నటి గీత ఒకటి, అంచులు రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా. "ఇదే పాట, ఇదే మాట, ఇదే ఏడుపు" అన్నాడు. ప్రొజెక్టరు కింద భాగంలో చిన్న బల్బు, దాని వెలుతురు సన్నటి సందులోంచి ఆ గీత మీద పడి అవతలున్న కన్నులాంటి దాంట్లోకి వెళ్తుంది. గీత ఎగుడుదిగుడుని బట్టి వెలుతురు పెరుగుతుంది, తగ్గుతుంది, ఆ పెరగడం తగ్గడమే కరెంటై, స్పీకర్లో శబ్దమవుతుంది.

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆయనకి అర్థమైంది. జేబులోంచి దువ్వెన తీశాడు, గోధుమరంగు దువ్వెన, రెండు పళ్ళు విరిగినది. ఫిల్ము లేకుండా బల్బు వెలిగించి, ఆ వెలుతురుకి అడ్డంగా దువ్వెన పళ్ళని ఒక్కసారి లాగాడు.

కింద ఖాళీ హాల్లో, ఎనిమిది వందల కుర్చీల మీద, 'బ్ర్ర్ర్' మని ఒక మోత.

మళ్ళీ లాగాడు, ఈసారి తొందరగా. మోత సన్నబడింది. నెమ్మదిగా లాగాడు, లావెక్కింది. తర్వాత దువ్వెన నా చేతికిచ్చాడు. నా వేళ్ళు వణుకుతుంటే హాల్లో శబ్దం కూడా వణికింది. కింద ఊడుస్తున్న ముసలమ్మ తలెత్తి, "ఎవుడ్రా అది!" అని అరిచింది.

తీగ లేదు, తోలు లేదు, గాలి లేదు. వెలుతురూ, ఒక దువ్వెనా. గోడవతల నుంచి మా గ్లాసుల్ని మోగించే ఆ రొద కూడా ఎవరో ఒకరి చెయ్యి కదిలితేనే పుడుతుందని నాకు ఆరోజు తెలిసింది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సంగీతం ప్రాణం లేని సంగీతమని ఎవరెన్నిసార్లు అన్నా నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

*

'రాత్రి' మా హాలుకి వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళో ఏమో. రామ్‌గోపాల్ వర్మ తీసినది, రేవతి ఉంటుంది, 1992లో విడుదలైంది. నేపథ్య సంగీతం మణిశర్మ. అప్పటికి ఆ పేరు మాకెవరికీ తెలీదు, పెద్ద సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయిస్తూ వచ్చిన ఆయన మొదటిసారి సొంతంగా ఒక సినిమాకి రీరికార్డింగ్ చేసింది దానికే. తర్వాత ఎన్ని మాస్ పాటలు కట్టాడో అందరికీ తెలుసు. నాకు మాత్రం మణిశర్మ అంటే ఇప్పటికీ మా వంటింటి గ్లాసులే.

పిల్లలు చూడకూడదన్నారు, వారం రోజులు గోడకివతల నుంచే విన్నాను. రోజుకి నాలుగాటలు. మూడో రోజుకి ఎక్కడ నిశ్శబ్దం వస్తుందో, ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటుందో, దాని తర్వాత ఏ శబ్దం పడుతుందో అంతా కంఠతా వచ్చేసింది. నా లోపల ఒక సినిమా తయారైపోయింది, అందులో ఏవేవో ఆకారాలు, మెట్లు, నూతిలోంచి వచ్చే చేతులు.

చివరికి బాబాయి జాలిపడి ఒక మ్యాట్నీకి గదిలోకి రానిచ్చి, గోడకున్న చిన్న అద్దపు కన్నంలోంచి చూడమన్నాడు. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడ్డ చోటు వచ్చింది. గుండె దడదడలాడుతోంది, స్టూలు అంచు పట్టుకున్నాను. తెర మీద చూస్తే ఏమీ లేదు. ఒకమ్మాయి నడుస్తోంది, అంతే. వెనక కెమెరా కదులుతోంది, అంతే.

"ఇక్కడ ఏముంది బాబాయ్, ఏమీ లేదుగా?" అన్నాను.

"ఏమీ లేదు కాబట్టే ఆ మోత పెట్టారు" అన్నాడాయన, కడ్డీ జరుపుతూ.

*

పాలిటెక్నిక్ చదువుకి కాకినాడ వెళ్ళాక హాస్టల్లో నెలకోసారి టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చేవాళ్ళు. తలా పది రూపాయలు వేసుకుంటే రాత్రంతా నాలుగు సినిమాలు. మూడు తెలుగు, తెల్లవారుజామున ఒక ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు సినిమా వేళకి సగం మంది నిద్రపోయేవారు. అలాంటి ఒక వేకువన 'హాలోవీన్' చూశాను. 1978 నాటిది, జాన్ కార్పెంటర్ తీశాడు, సంగీతం కూడా ఆయనదే. క్యాసెట్టు అరిగిపోయి బొమ్మంతా గీతలు. కానీ ఆ పియానో ముక్క మొదలవగానే పడుకున్న రూమ్మేటు లేచి కూర్చున్నాడు. రాజోలు వైపు వాడు, ఇంటి దగ్గర మృదంగం నేర్చుకున్నాడు. కళ్ళు నులుముకుంటూనే తొడ మీద వేళ్ళతో కొట్టుకుంటూ, "ఇది నాలుగు కాదురా, ఐదు" అన్నాడు. మళ్ళీ విని, "తకిట తకిట తక తక, తకిట తకిట తక తక, చూడు, పదక్షరాలు, ఐదు దెబ్బలు" అన్నాడు. తెల్లారేదాకా సినిమా వెనక్కి తిప్పి తిప్పి అదే వేయించాడు. నాలుగు దెబ్బల నడకకి అలవాటు పడ్డ చెవి ఐదోది వచ్చేసరికి కాలు తడబడ్డట్టు అవుతుందనీ, తడబడకముందే మళ్ళీ మొదటికొచ్చేస్తుందనీ, అందుకే ఊపిరి తీసుకునే చోటు దొరకదనీ వాడే చెప్పాడు. అంత బాగా చెప్పిన పుస్తకం నేను తర్వాత కూడా చదవలేదు.

చాలా ఏళ్ళకి తెలిసింది, కార్పెంటర్ నాన్న సంగీతం ఆచార్యుడట. కొడుకుకి పదమూడేళ్ళప్పుడు బోంగోలు, అంటే చేత్తో వాయించే చిన్న జంట డ్రమ్ములు, కొనిచ్చి వాటి మీద ఈ ఐదు దెబ్బల లెక్క నేర్పాడట. అదే ఆ సినిమాకి పనికొచ్చింది. సంగీతం వేయకముందు ఆ సినిమాని ఒక స్టూడియో అధికారిణికి చూపిస్తే ఆమెకి కాస్త కూడా భయమెయ్యలేదనీ, అప్పుడు సంగీతంతోనే సినిమాని కాపాడాలనుకున్నాననీ ఆయనే చెప్పుకున్నాడు. సింథసైజర్ల సంగతి చూసుకోడానికి డాన్ వైమన్ అనే ఆయన పక్కనుంటే మూడు రోజుల్లో మొత్తం కానిచ్చేశాడు. బాబాయి కడ్డీ జరుపుతూ అన్న మాటే ఇదీ.

మా రూమ్మేటుకి ఇంకో పెద్ద పండగ 'టెర్మినేటర్'. 1984 సినిమా, బ్రాడ్ ఫీడెల్ సంగీతం. అందులో ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఐదు దెబ్బలు వస్తాయి, మూడు సమానంగా, చివరి రెండూ దగ్గర దగ్గరగా. వాడు ఒక రాత్రంతా కాయితం మీద గీతలు గీసి, "తకిట తకిట తకిట తక తక. పదమూడు! ఎవడైనా పదమూడు వేస్తాడా?" అని ఆశ్చర్యపోయాడు. నిజానికి ఫీడెల్ పదమూడు వేద్దామని కూర్చోలేదు. ఆ రోజుల్లో ఆయన యంత్రాలు ఒకదానితో ఒకటి కలిసి నడిచేవి కావు, చెవితో విని చేత్తో బటను నొక్కి లూపు, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్క, కట్టేశాడు, ఒక పిసరు ముందే తెగింది. ఆ కుంటు నడకే బాగుందని ఉంచేశాడు. ఇక ఆ ఇనప దెబ్బ పోత ఇనుము పెనాన్ని కొట్టి రికార్డు చేసింది.

ఈ పెనం సంగతి తెలిసినప్పుడు నేను సెలవులకి ఇంట్లో ఉన్నాను. అమ్మ అట్ల పెనం తీసుకెళ్ళి, నూతి గట్టు మీద గుడ్డ పరిచి, టేప్ రికార్డరు పక్కన పెట్టుకుని గరిటెతో కొట్టాను. వట్టి పెనం చప్పుడే. చేత్తో అంచు పట్టుకుని కొడితే చచ్చిపోయింది. తాడుతో జామకొమ్మకి వేలాడదీసి కొడితే మాత్రం, 'ఠంగ్' మని, తోక పొడుగ్గా సాగింది. క్యాసెట్టుని సగం వేగంతో తిప్పితే అది పెనం కాదు, ఎక్కడో పాతాళంలో తలుపు వేసిన చప్పుడు. "నా పెనం సొట్టపోయిందిరా, అట్టు పోస్తే మధ్యలో గుంట పడుతోంది" అని అమ్మ చాలా రోజులు సణిగింది. ఆ క్యాసెట్టు ఇంకా ఉంది నా దగ్గర.

*

హైదరాబాదులో కృష్ణానగర్ గదిలో ఐదేళ్ళు. డిప్లొమా పక్కన పెట్టి కీబోర్డు నేర్చుకుని, ఊళ్ళో ఆర్కెస్ట్రాల్లో వాయించి, ఎవరో చెబితే టీవీ సీరియళ్ళకి నేపథ్య సంగీతం చేసే ఒక సార్ దగ్గర చేరాను. ఇప్పుడందరూ బీజీఎం అంటున్నారు, అప్పట్లో ఆర్‌ఆర్, అంటే రీరికార్డింగ్, అనేవాళ్ళం. వారానికొక ఎపిసోడు, డిటెక్టివ్ కథ. సాయంత్రం క్యాసెట్టు వచ్చేది, బొమ్మ కింద టైమ్‌కోడ్ అంకెలు పరిగెడుతుంటే చూస్తూ తెల్లారేలోగా సంగీతం వేసేయాలి. గదిలో రెండు కీబోర్డులు, రోలాండ్ డీ-50, కోర్గ్ ఎమ్1, రెండూ సెకండ్ హ్యాండే. 1987లో ఒకటి, 1988లో ఇంకోటి వచ్చినవి, మా చేతికి వచ్చేసరికి వాటి వయసు పదేళ్ళు. ఎమ్1లో అన్నిటికంటే ముందుండే శబ్దం పేరు 'యూనివర్స్'. స్విచ్ వేయగానే ఏ మీట నొక్కినా ఆకాశం తెరుచుకున్నట్టుండేది. ఆ రోజుల సినిమాల్లో, సీరియళ్ళలో అది ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. సార్ మాత్రం నన్ను దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. "అందరి దగ్గరా ఉన్న భయం ఎవడికీ భయం కాదు" అనేవారు.

భయాన్ని ఎలా కడతారో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రెండు శబ్దాలు తీసుకో, రెండూ ఒకే స్వరం. ఇప్పుడు ఒకదాన్ని వెంట్రుకవాసి పైకి జరుపు. రెండూ కలిసీ కలవక, వావ్, వావ్, వావ్ అని ఊగడం మొదలుపెడతాయి. ఇంకొంచెం జరిపితే ఊగడం తొందరవుతుంది. శ్రుతి కలవని తంబురా వింటే కడుపులో ఏదో అయినట్టుంటుందే, అదే ఇది. కచేరీకి ముందు తంబురా పట్టుకుని పావుగంట కూర్చుని ఆ ఊగడాన్ని పోగొట్టడానికి విద్వాంసులు తంటాలు పడతారు, మేము దాన్నే పెంచి పోషించేవాళ్ళం. దాని మీద శబ్దం ఒక్కసారిగా పుట్టకుండా నాలుగు సెకన్లు తీసుకుని మెల్లగా తెరుచుకునేలా పెడితే, చూసేవాడికి అది ఎప్పుడు మొదలైందో తెలీదు. తెలీకపోవడమే అసలు పని. ఆపై ఎక్కడ ఆపాలి అన్నది చెవికి వదిలేయాలి, దానికి సూత్రం లేదు. తలుపు తెరుచుకునే దాకా మోగిస్తే అది సంగీతం, తలుపుకి ఒక క్షణం ముందు ఆపేస్తే అది భయం, ఈ మాటా సార్‌దే.

పని లేని మధ్యాహ్నాలు ఆయన వీసీడీలు వేసి చూపించేవారు. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' చూసి నాకు మతిపోయింది. 1963 సినిమా, మామూలు అర్థంలో సంగీతమే లేదు. పక్షుల అరుపుల్లో, రెక్కల చప్పుళ్ళలో చాలావరకు బెర్లిన్‌లో ఓస్కార్ సాలా అనే ఆయన ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద తయారుచేసినవే. మెట్లు లేకుండా సాగదీసిన ఒక తీగ, దాన్ని కిందున్న లోహపు పట్టీకి వేలితో నొక్కాలి, ఎక్కడ నొక్కితే అక్కడ స్వరం. సార్ చెబుతుంటే నాకు మన గోటువాద్యం గుర్తొచ్చింది, స్వరానికీ స్వరానికీ మధ్య గోడల్లేని వాద్యం, అరుపుకీ పాటకీ మధ్య కూడా గోడ లేని వాద్యం. అది చూసిన రాత్రి వంశీ 'అన్వేషణ' గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. 1985లో వచ్చింది, పక్షుల కూతల మీద పరిశోధన చేద్దామని అడవికి వచ్చిన అమ్మాయి, ఆ అడవిలో వరస హత్యలు, ఇళయరాజా సంగీతం. దాన్ని నేను గోడవతల నుంచి విన్నది మరీ చిన్నప్పుడు. పిట్ట కూసిందా, వాద్యం పలికిందా అని మంచం మీద అక్కా నేనూ పందెం వేసుకోవడం మాత్రం బాగా గుర్తుంది. మా పెరట్లో జామచెట్టు మీద నిజం పిట్టలు కూడా ఉండేవి, దాంతో పందెం ఎప్పటికీ తేలేది కాదు.

థెరమిన్ సంగతి కూడా సారే చెప్పారు. చేత్తో తాకకుండా గాలిలో చేతులు కదిపి వాయించే వాద్యం. హిచ్‌కాక్‌దే 1945 నాటి 'స్పెల్‌బౌండ్'లో మిక్లోష్ రోజా దాన్ని వాడి ఆస్కార్ గెలుచుకున్నాడు, వాయించిన శామ్యూల్ హాఫ్‌మన్ మాత్రం వృత్తిరీత్యా పాదాల డాక్టరు. పగలు రోగుల పాదాలు చూసిన చేతులతో సాయంత్రం గాలిని మీటడం. నాకు వెంటనే బాబాయి చేతిలో దువ్వెన కనిపించింది.

ఆ సీరియల్ ఏడాదిపైన నడిచింది. టైటిల్స్‌లో మా పేర్లు ఎప్పుడూ పడలేదు, చివరి మూడు నెలల డబ్బు కూడా రాలేదు, తిరిగి తిరిగి మానేశాం. అప్పుడది చాలా బాధ. 'హాలోవీన్' టైటిల్స్‌లో సంగీతం వాయించినట్టు ఒక ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా పేరుంటుంది, కార్పెంటర్ పెరిగిన బౌలింగ్ గ్రీన్ ఊరి పేరు మీద. అలాంటి ఆర్కెస్ట్రా ఏదీ లేదు, వాయించింది ఆయనొక్కడే. సరదాకి లేని ఆర్కెస్ట్రాకి కూడా పేరిచ్చాడే అని ఒక రాత్రి సార్‌తో అంటే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి ఇద్దరికీ టీ పెట్టారు.

*

ఆ సీరియల్లో ఒక ఎపిసోడుకి నేను జామకొమ్మకి వేలాడదీసిన పెనం చప్పుడు వాడాను. రికార్డు చేసిన శబ్దాన్ని మీటల మీద వాయించనిచ్చే శాంప్లర్లోకి ఎక్కించి, రెండు స్వరాలు కిందకి దింపి, దాని కింద ఊగే శ్రుతి ఒకటి పెట్టాను. అదంతా కలిపి ఒక్క ఫ్లాపీలో పట్టింది. ఇంటికి ఎస్టీడీ చేసి ఫలానా రోజు ఎనిమిదిన్నరకి చూడమని చెప్పాను.

మర్నాడు బూత్ నుంచి మళ్ళీ చేశాను. అమ్మ కథ గురించి ఏమీ చెప్పలేదు, హంతకుడెవరో కూడా పట్టించుకోలేదు.

"ఒరే, అది మన గోడవతల శబ్దంలా ఉందిరా" అంది. "నాకు తెలీకుండానే వంటింట్లోకి వెళ్ళి గ్లాసులు చూసొచ్చాను."

మధ్యలో 'ఠంగ్' మన్నది తన పెనమేనని చెప్పాను. అవతల నుంచి చాలాసేపు మాట లేదు, బూత్‌లో మీటరు మాత్రం తిరుగుతోంది.

*

ఇప్పుడు ఆ పని చేయడం లేదు, వేరే ఉద్యోగం, వేరే జీవితం. అప్పుడప్పుడు రాత్రిళ్ళు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. మేము పదివేలకో పాతికవేలకో పాత యంత్రాలు కొనుక్కుని ఏళ్ళ తరబడి పోగేసుకున్న శబ్దాలన్నీ, ఇంకా వాటికి వందరెట్లు, ఇవాళ ఒక పిల్లాడు మధ్యాహ్నం భోజనమయ్యేలోపు దించేసుకోవచ్చు. మంచిదే. ఎలక్ట్రానిక్ శబ్దాలతో హాలీవుడ్ సినిమాలకి సంగీతం కట్టే ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ లాంటివాళ్ళ పని విన్నప్పుడు ఈ దారి ఎంత ముందుకెళ్ళిందో చూసి సంతోషమేస్తుంది. కానీ మన థ్రిల్లర్లలో చాలావాటికి ఒక కంప్లయింట్ ఉంది నాకు. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా కింద ఒక మోత పెట్టి వదిలేస్తున్నారు. అలా వదిలేస్తే గ్లాసులు అలవాటు పడిపోతాయి. నిశ్శబ్దం ఎంతసేపుంచాలో బాబాయి కాలం సినిమాలకి తెలిసినంతగా వీటికి తెలీడం లేదనిపిస్తుంది, ఇది వయసు మీదపడిన మాట కాదు, చెవితో పని చేసినవాడి మాట.

*

బాబాయి పెద్దకర్మకి వెళ్ళాను. హాలు కొట్టేసి మూడేళ్ళయిందట, ఆ స్థలంలో ఏదీ కట్టలేదు ఇంకా, తుమ్మమొక్కలు లేచాయి. మా గోడ మాత్రం ఉంది, ఎందుకంటే అది మాది కూడా. అటువైపు సున్నం రాలి, తెర బిగించిన ఇనప కొక్కేలు వరసగా కనిపిస్తున్నాయి.

పిన్ని నన్ను చూసి ఏడ్చింది. తర్వాత లోపలి నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి, "మీ బాబాయి సామాన్లు, నీకేమైనా పనికొస్తాయేమో చూడు నాయనా" అంది. ఫిల్ము గీకే బ్లేడు, ఎండిపోయిన సిమెంటు సీసా, దూదిలో చుట్టిన రెండు చిన్న బల్బులు, మిగిలిపోయిన కార్బన్ కడ్డీ ముక్కలు. దువ్వెన లేదు. వెతికాను, అడగలేకపోయాను. సీసా మూత తీసి వాసన చూశాను, ఏ వాసనా లేదు, అడుగున చింతగింజంత గట్టిపడ్డ జిగురు. ఒక బల్బు అడిగి తెచ్చుకున్నాను.

ఆ రాత్రి అమ్మ దగ్గరే పడుకున్నాను. అమ్మకిప్పుడు వినికిడి తగ్గింది. పన్నెండున్నరకి, రెండో ఆట వదిలే వేళకి, పాత అలవాటు ప్రకారం మెలకువ వచ్చేసింది. సైకిళ్ళ గంటలు లేవు, జనం మాటలు లేవు, ఫ్యాను చప్పుడొక్కటే. కాసేపటికి మెయిన్ రోడ్డు మీద చెరుకు లోడుతో ఏదో లారీ గేరు మార్చుకుంటూ వెళ్ళింది, ఆ బరువైన మోత నేలలోంచి మంచం దాకా వచ్చింది.

వంటింట్లో గ్లాసులు గిర్రుమన్నాయి.

లేచి లైటు వేయకుండానే వెళ్ళాను. గూట్లో అవే రెండు, పక్కపక్కన, తాకీ తాకనట్టు. మసిగుడ్డ పొయ్యి పక్కనే ఉంది. చేతిలోకి తీసుకుని మడిచాను కూడా. మళ్ళీ పొయ్యి పక్కనే పెట్టేసి, గ్లాసుల్ని ఇంకొంచెం దగ్గరికి జరిపి, వచ్చి పడుకున్నాను.